మందును గుండును: ఫోర్సైతు వేటతుపాకి వాదము

తెలుగున ‘మందుగుండు’ అను సమాసము కలదు. మందనగా పేలుడుపొడి, గుండనగా సీసపు ముద్ద. తుపాకి యను మాట తురుష్కభాషలనుండి వచ్చినదే యైనను, దానిలో దట్టించు రెండు వస్తువులకును మనవారు తమ యింటి మాటలనే వాడుకొనిరి. అంతియ కాదు, ఆ రెంటిని విడదీయక ఒక్క మాటగా కూర్చిరి. ఈ కూర్పునందలి యౌచిత్యము పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఇంగ్లీషు వేటకాండ్రలో సాగిన యొక వాదమును పరిశీలించిన కొలదియు మాకు స్పష్టమైనది. గుండు ఎట్టిది కావలెను, మందు ఎంత పోయవలెను అను ప్రశ్నలు రెండు కావు, ఒక్కటియే యని నిరూపింప బూనినవాడు మధ్యపరగణాలలో ఉద్యోగము చేసిన జేమ్సు ఫోర్సైతు. (రంజకమునకు మారుగా దెబ్బతో పేలు మందును తుపాకికి కూర్చి 1807లో హక్కుపత్రము పొందిన అలెగ్జాండరు ఫోర్సైతు వేరు. ఇరువురును తుపాకి చరిత్రకు సంబంధించినవారే యగుటచే పాఠకులు పొరబడుట కలదు.)

వాదమునకు మూలము గొట్టములోని గాడులు. నునుపు గొట్టమునుండి వెడలిన గుండు తిన్నగా పోదు. గొట్టపు లోపల మెలిదిరిగిన గాడులు తీర్చినచో గుండు తన చుట్టు తాను తిరుగుచు దారి తప్పక పోవును. అయితే మూతినుండి దట్టించు తుపాకిలో గుండు గొట్టముకంటె రవంత చిన్నదిగా నుండవలెను. లేనిచో లోనికి దిగదు. చిన్నదైన గుండు గాడులను పట్టుకొనునదెట్లు? పూర్వులు కొవ్వు పూసిన గుడ్డపేలికలో గుండును చుట్టి కడ్డీతో దించెడివారు. 1849లో ఫ్రెంచి సైనికోద్యోగి మినియే వేరొక యుపాయము చేసెను. ఆయన గుండు పొడవైనది, అడుగున గుల్లగానుండునది. మందు పేలినంతనే ఆ గుల్ల విచ్చుకొని గాడులలో నాటుకొనును.

ఈ పద్ధతిపై నిర్మింపబడిన 1853 నాటి ఎన్‌ఫీల్డు తుపాకి గుండు 530 గ్రెయినులు తూగును. దానికి పోయు మందు రెండున్నర డ్రాములు, అనగా సుమారు 68 గ్రెయినులు. (తుపాకి మందును కొలుచు డ్రాము ఔన్సులో 16వ వంతు, వైద్యుల 60 గ్రెయినుల డ్రాము కాదు. పాత గ్రంథములు చదువువారు దీనిని మరువరాదు.) ఈ గుండును మందును కాగితములో చుట్టిన తూటాయే, దాని కొవ్వుపూత మూలమున, 1857 నాటి తిరుగుబాటు కారణములలో నొకటిగా మన చరిత్రకెక్కినది. యుద్ధమున గుంపుపై దూరమునుండి కాల్చుటకు ఇది మేలైనదే. వేటకాండ్రును పొడవు గుండునకు ఆకర్షితులైరి. తుపాకులు చేయువారును వేటతుపాకులకు సైనికుల మెలిని పోలిన బిగువు మెలిని తీర్చసాగిరి.

ఫోర్సైతు అభ్యంతర మిక్కడనే. ‘ది స్పోర్టింగ్ రైఫిల్ అండ్ ఇట్స్ ప్రొజెక్టైల్స్’ అను ఆయన గ్రంథమునకు రెండవ కూర్పు 1867లో వెలువడినది. వేట జరుగు దూరము అడవిలో నూరు, నూటయేబది గజములకు మించదు. కాని ఆ దూరమును కంటితో సరిగా అంచనా వేయగలవారు అరుదు. కావున గుండు దారి సాధ్యమైనంత చదునుగా నుండవలెను. అట్లుండుటకు వేగము కావలెను. వేగమునకు మందు కావలెను. ఇది ఆయన తర్కము. దీనిని మనము లెక్కచేసి చూడవచ్చును. గుండు సెకనుకు సగటున 1000 అడుగులు పోయినచో నూరు గజములు దాటుటకు సెకనులో పదింట మూడు వంతులు పట్టును. ఆ లోపున అది సుమారు 17 అంగుళములు క్రిందికి జారును. వేగము 1500 అడుగులైనచో జారునది ఎనిమిది అంగుళములకు లోపే. లేడి గుండెకు గురిపెట్టినవానికి ఈ తేడాయే సర్వస్వము.

మందు పెంచిన చాలునా? చాలదు. బిగువుగా మెలిదిరిగిన గాడులలో పేలికచుట్టిన గుండును అధికమైన మందుతో త్రోసినచో అది గాడుల వెంట తిరుగక వానిని దాటి జారిపోవును. అందుచే పనివారు మందు తగ్గింపుమని సలహా యిచ్చుచుండిరి. ఫోర్సైతు దానిని తలక్రిందు చేసెను: తగ్గింపవలసినది మందు కాదు, మెలి. ఉరుండ గుండునకు తలక్రిందగుటకు పొడవే లేదు; దానికి కొద్దిపాటి తిరుగుడు చాలును. ఎన్‌ఫీల్డునకు 78 అంగుళములకు ఒక చుట్టుండగా, ఈయన 14వ నంబరు గొట్టమునకు 104 అంగుళములకు ఒక్క చుట్టే చాలునని చెప్పెను. పౌను సీసముతో 14 గుండ్లు వచ్చునది 14వ నంబరు. ఒక్కొక్కటి 500 గ్రెయినులు. దానికి అయిదు డ్రాములు పోసినచో మందు గుండుబరువులో నాలుగవ వంతును మించును. ఎన్‌ఫీల్డులో నది యెనిమిదవ వంతు మాత్రమే.

ఇది పూర్తిగా క్రొత్త మాట కాదు. శామ్యూల్ బేకరు 1840లో బ్రిస్టలు పట్టణపు గిబ్సు చేత చేయించుకొని సింహళమునకు కొనిపోయిన తుపాకి 21 పౌనులు తూగును. దాని 36 అంగుళముల గొట్టములో మెలి ఒక్క చుట్టు. 3 ఔన్సుల గుండునకు మందు 16 డ్రాములు, అనగా నిండు ఔన్సు. గుండునకే యొక పట్టీ యుండి గాడులలో ఇముడుటచే అంత మందును తట్టుకొనెను. బేకరు అనుభవముచే తెలిసికొన్నదానిని ఫోర్సైతు కారణములతో శాస్త్రముగా కట్టెను. మందును హద్దులేక పెంచుటయు వ్యర్థమే. ఒక మేరకు మించినది వేగమును కొద్దిగా పెంచి, భుజముపై దెబ్బను మిక్కిలిగా పెంచును. ఆ దెబ్బ తగ్గవలెనన్న తుపాకి బరువు కావలెను. బరువైన తుపాకిని సాత్పురా కొండలపై రోజెల్ల మోయుట యెవరికి సులభము? ఏనుగువంటి జంతువుల యెముకలపై మెత్తని సీసము చదునగునని, గట్టిదనమునకై తగరమో పాదరసమో కలుపు వాడుకయు నుండెను.

ఫోర్సైతు వాదము తన దూరములకు సరియైనదని మా యభిప్రాయము. ఉరుండ గుండు గాలిలో వేగమును త్వరగా కోల్పోవును. నూటయేబది గజములు దాటిన పిదప పొడవు గుండుదే పైచేయి. ఆయన ఆ హద్దును దాచలేదు. కాని ఈ గ్రంథములను సాక్ష్యముగా గ్రహించుటలో నొక జాగ్రత్త యవసరము. వేటకాడు పడిన మృగమును కొలిచి వ్రాసెను; గాయముతో పొదలలోనికి పోయినది లెక్కకు రాదు. అట్టి పులిని వెదకబోయిన గోండులు, కోర్కులు చేత తుపాకి లేనివారు. ఏనుగుపైనున్న దొరకంటె వారికే అపాయ మెక్కువ. పోసిన మందు చాలకపోయిన ఫలితము ముందుగా వారిపై పడును. ఫోర్సైతు 1871లో మరణించెను. ఆ యేటనే వెలువడిన ‘ది హైలాండ్స్ ఆఫ్ సెంట్రల్ ఇండియా’లో ఈ జనులను గూర్చి విరివిగా వ్రాసినవాడు తుపాకి గ్రంథమును మాత్రము కాల్చువాని వైపునుండియే నడపెను.

రెండవ కూర్పు వెలువడునాటికే వెనుకనుండి దట్టించు తుపాకులు వ్యాపించుచుండెను. లోహపు తూటా వచ్చిన పిదప మందు కొలత వేటకాని చేతినుండి క్రమముగా కర్మాగారమునకు పోయినది. మన పల్లెలలోని నాటుతుపాకి మాత్రము మూతినుండి దట్టించు పద్ధతిని విడువలేదు. గాడులు లేని గొట్టమగుటచే దానికి మెలి ప్రశ్నయే లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేట నిషిద్ధమైనది. మందును గుండును కలిపిన ‘తూటా’ యను మాట నేడు వాడుకలో ఒక్క గుండునకే చెల్లుచుండగా, ‘మందుగుండు’ గుండే లేని దీపావళి బాణసంచాకు పేరైనది.