లెన్ వాటర్స్: ఆస్ట్రేలియా ఆదిమవాసి యుద్ధవిమాన చోదకుడు – సేవ, అనంతర జీవితం

వ్యాససంగ్రహం:
రెండవ ప్రపంచయుద్ధంలో ఆస్ట్రేలియా రాజ వాయుసేన తరఫున యుద్ధవిమానం నడిపిన ఆదిమవాసిగా చరిత్రకు తెలిసిన ఏకైక వ్యక్తి లియొనార్డ్ విక్టర్ వాటర్స్ (1924–1993). ఆయన సైనికసేవను, యుద్ధానంతర జీవితాన్ని పక్కపక్కన ఉంచి పరిశీలించి, యుద్ధావసరం కల్పించిన సమానత్వం శాంతికాలంలో ఎందుకు నిలువలేదో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆస్ట్రేలియా, ఆదిమవాసులు, వాయుసేన, కిట్టీహాక్, పౌరహక్కులు.

1. ఉపోద్ఘాతం:
యుద్ధవిమాన చోదకుల చరిత్రను సాధారణంగా వారు కూల్చిన శత్రువిమానాల సంఖ్యతో కొలుస్తారు. ఆ కొలమానం ప్రకారం వాటర్స్‌కు చరిత్రలో చోటు దక్కదు. ఆయన యుద్ధరంగానికి చేరేనాటికి ఆ ప్రాంతంలో జపాను వైమానికశక్తి చాలావరకు క్షీణించింది. అయినప్పటికీ ఆయన జీవితం ఒక దేశం తన పౌరులను ఎలా చూసిందో తెలిపే ముఖ్యమైన ఆధారం.

2. బాల్యం, నేపథ్యం:
వాటర్స్ 1924 జూన్ 20న న్యూ సౌత్ వేల్స్ ఉత్తర సరిహద్దు సమీపంలోని యురాబా ఆదిమవాసుల స్థావరంలో జన్మించారు. ఆయనది కామిలరోయ్ తెగ. క్వీన్స్‌లాండ్‌లోని సెయింట్ జార్జ్ పట్టణానికి దగ్గరలో ఉన్న నిండిగల్లీలో పెరిగారు. పద్నాలుగేళ్ల వయసులో చదువు మానివేసి తండ్రితో కలిసి పనికి వెళ్లారు. చెట్టు కాండం చుట్టూ బెరడును వలయంగా చెక్కి, చెట్టును నిలువునా ఎండబెట్టి, పచ్చికభూమికి చోటు చేయడం ఆ పని. తరువాత గొర్రెల ఉన్ని కత్తిరించే వృత్తి చేపట్టారు.

3. వాయుసేనలో ప్రవేశం:
యుద్ధారంభంలో ఐరోపా సంతతివారు కానివారిని చేర్చుకోవడానికి ఆస్ట్రేలియా సైనికదళాలు విముఖత చూపాయి. అయితే బ్రిటిష్ సామ్రాజ్య వైమానిక శిక్షణ పథకానికి పెద్దసంఖ్యలో యువకులు అవసరం కావడంతో వాయుసేన తలుపులు కొంత ముందుగా తెరుచుకున్నాయి. 1941 డిసెంబరులో జపాను యుద్ధంలోకి దిగాక ఈ అవసరం మరింత పెరిగింది.

1942 ఆగస్టులో వాటర్స్ వాయుసేనలో చేరారు. మొదట నేలమీద విమానాల మరమ్మతు విభాగంలో శిక్షణ పొందారు. ఆ తరువాత విమానం నడపడానికి స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. చదువులోని లోటును పట్టుదలతో పూడ్చుకుంటూ సోమర్స్, నరాండెరా, యురాన్‌క్విన్టీ కేంద్రాలలో శిక్షణ ముగించి, 1944లో సార్జెంటు హోదాలో చోదకుడిగా అర్హత పొందారు.

4. యుద్ధసేవ:
1944 చివరలో డచ్ న్యూగినీ తీరానికి చేరువలోని నోయెమ్‌ఫోర్ దీవిలో ఉన్న 78వ స్క్వాడ్రన్‌లో వాటర్స్ చేరారు. ఆయనకు ఇచ్చిన కిట్టీహాక్ విమానం ముందుభాగాన 'బ్లాక్ మ్యాజిక్' అనే పేరు అప్పటికే రాసి ఉంది. మునుపటి చోదకుడు పెట్టిన ఆ పేరు తన మేనిరంగుకు యాదృచ్ఛికంగా సరిపోవడంతో, వాటర్స్ దానిని మార్చలేదు.

నోయెమ్‌ఫోర్, మొరొటాయ్, తారకాన్ స్థావరాల నుండి ఆయన 95 సార్లు యుద్ధవిధులపై ఎగిరారు. వీటిలో ఎక్కువభాగం భూతల లక్ష్యాలపై దాడులు. ఇటువంటి దాడికి విమానం బాగా కిందికి దిగాలి. అప్పుడు నేలమీది ఫిరంగులకు సులభంగా దొరుకుతుంది. ఒక సందర్భంలో 37 మి.మీ. ఫిరంగిగుండు ఆయన ఆసనం వెనుక దూసుకువచ్చి, పేలకుండా అక్కడే ఇరుక్కుపోయింది. ఎప్పుడైనా పేలగల ఆ గుండుతోనే సుమారు రెండు గంటలు ప్రయాణించి ఆయన స్థావరానికి చేరుకున్నారు. యుద్ధం ముగిసేనాటికి వారెంట్ ఆఫీసరు హోదా పొందారు. తనకంటే పైహోదా అధికారులు పాల్గొన్న దాడులకు కూడా గగనతలంలో నాయకత్వం వహించారు.

5. యుద్ధానంతర జీవితం:
1946 జనవరిలో, 21 ఏళ్ల వయసులో, వాటర్స్ సైన్యం నుండి విడుదలయ్యారు. నైరుతి క్వీన్స్‌లాండ్‌లో ప్రాంతీయ విమానసేవ ప్రారంభించాలన్నది ఆయన ఆశయం. రోడ్లు తక్కువై, ఊళ్లు దూరదూరంగా ఉండే ఆ ప్రాంతానికి అది అవసరమైన సేవే. కానీ పెట్టుబడి గాని, ప్రభుత్వ అనుమతి గాని లభించలేదు. ఆయన తిరిగి ఉన్ని కత్తిరించే కత్తెర పట్టారు. ఆ తరువాత చోదకుడిగా ఏనాడూ విమానం నడపలేదు.

ఈ వైఫల్యాన్ని వ్యక్తిగత దురదృష్టంగా మాత్రమే చూడలేము. సైన్యంలో పనిచేసిన ఆదిమవాసులకు జాతీయ ఎన్నికలలో ఓటుహక్కు 1949లో చట్టబద్ధంగా లభించింది. ఆదిమవాసులందరికీ అది 1962లో గాని దక్కలేదు. క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ఎన్నికలలోనైతే ఆదిమవాసులు 1965 వరకు వేచి ఉండవలసివచ్చింది. సైనికసేవ చేసినవారికి ముందుగా ఓటు ఇవ్వడం గౌరవంగా కనిపించవచ్చు. కాని ఇతర పౌరులకు పుట్టుకతో వచ్చే హక్కును ఆదిమవాసి ప్రాణాలొడ్డి సంపాదించుకోవలసి వచ్చిందనే సత్యం కూడా అందులోనే ఉంది.

వాటర్స్ 1993 ఆగస్టు 24న కన్నమల్లాలో మరణించారు. 1995లో ఆస్ట్రేలియా తపాలా శాఖ ఆయన చిత్రంతో స్టాంపు విడుదల చేసింది.

6. ముగింపు:
• వాటర్స్‌కు వాయుసేనలో లభించిన అవకాశం ప్రధానంగా యుద్ధావసరం నుండి పుట్టింది. ఆ అవసరం తీరాక అవకాశమూ ముగిసింది.
• సామర్థ్యం ఉన్నా పెట్టుబడి, అనుమతి, పౌరహోదా లేనిచోట ఆ సామర్థ్యం వ్యర్థమవుతుందని ఆయన అనంతర జీవితం నిరూపిస్తుంది.
• కూల్చిన విమానాల లెక్కతో మాత్రమే వైమానికచరిత్ర రాస్తే ఇటువంటి జీవితాలు మరుగునపడతాయి.

మరణానంతరం స్టాంపుమీద ఆయన ముఖాన్ని ముద్రించిన దేశం, జీవించి ఉండగా ఆయన చేతికి మరొక విమానాన్ని ఇవ్వలేకపోయింది. వాటర్స్ యుద్ధసేవను ఈ వాస్తవంతో కలిపి చదివినప్పుడే ఆ చరిత్ర సంపూర్ణమవుతుంది.