మంచులో విరియు పూవు: హెల్లెబోరు చరిత్ర



పుష్యమాసము వచ్చినచో మన వాకిళ్లలో బంతులును చేమంతులును నిండియుండును. ఆ దినములలోనే ఐరోపాఖండమున చెట్లు ఆకులు రాల్చి మోడులై నిలుచును, నేల గడ్డకట్టును. అట్టి కాలమున మంచును త్రోసికొని వచ్చి పూయు చిన్న మొక్క యొకటి కలదు. దాని పేరు హెల్లెబోరు. ఆల్ప్సు పర్వతములలో పుట్టు దాని తెల్లపూల జాతిని ఆంగ్లేయులు క్రిస్మసు గులాబి యందురు. గులాబికిని దీనికిని చుట్టరికము లేదు. మన వంటయింటి నల్లజీలకఱ్ఱయు, విషమని పేరుపడిన వసనాభియు ఏ కుటుంబములోనివో, యిదియు ఆ కుటుంబములోనిదే.

పూర్వము దీని పూవును మెచ్చినవారికంటె వేరును వెదకినవారే అధికులు. రాజకుమార్తెల పిచ్చిని మెలాంపస్ అనువాడు ఈ మూలికతో కుదిర్చెనని గ్రీకుల పురాణకథ. కొరింథు సింధుశాఖ యొడ్డున నున్న ఆంటికిరా పట్టణము ఈ వేరునకు ప్రసిద్ధి కెక్కెను. తెలివిమాలిన పనులు చేయువానిని చూచి, “ఆంటికిరాకు పొమ్ము” అనుట ఆ కాలపు నానుడి. క్రీస్తునకు పూర్వము సుమారు 300వ సంవత్సర ప్రాంతమున థియోఫ్రాస్టస్ అను పండితుడు దీనిని త్రవ్వు విధమును వ్రాసియుంచెను. త్రవ్వువాడు మొక్కచుట్టును గిరిగీసి, తూర్పుమొగమై ప్రార్థించి, పిమ్మట పెల్లగించునట. తల దిమ్మెక్కకుండుటకై ముందుగా వెల్లుల్లి తినునట. మంత్రము చెప్పి మూలికను పెఱుకు మన పల్లె వైద్యుల నెఱిగినవారికి ఈ మాట వింతగా తోపదు.

మందైనది ఆయుధమును కాగలదు. క్రీస్తునకు పూర్వము ఆఱవ శతాబ్ది ఆరంభమున డెల్ఫీ దేవాలయ సమీపమందలి కిర్రా పట్టణమును శత్రువులు ముట్టడించిరి. వారు ఏటినీటిని మరల్చి, అందు హెల్లెబోరు వేళ్లను నానవేసి, తిరిగి పట్టణమునకు విడిచిరనియు, దప్పిగొన్న జనులు ఆ నీరు త్రావి అతిసారముచే కావలి కాయలేకపోగా పట్టణము పడిపోయెననియు పౌసానియస్ వ్రాసెను. ఈ యుపాయము సోలోనుదని యాతడనగా, ఇతరులు వేఱొకరి పేరు చెప్పిరి. ఆతడు వ్రాసినది క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో. కనుక నేటి చరిత్రకారులు దీనినంతయు నిజమని నమ్మరు. అయినను త్రాగునీటిని విషము చేయుట యెంతటి పాపమో లోకమునకు తెలుపు పాతకథలలో నిదియొకటి.

పేర్ల పొరపాటు వలన కలిగిన చిక్కును వినుడు. గ్రీకులు నల్లది, తెల్లది యని రెండు హెల్లెబోరులను చెప్పిరి. హోమియోపతి వైద్యమునకు మూలపురుషుడైన హానిమాన్ 1812లో లైప్సిగు విశ్వవిద్యాలయమున లాటిను గ్రంథము సమర్పించి, తెల్లది వెరాట్రము అను వేఱు మొక్కయని వాదించెను. మన దేశమునకు వచ్చిన ఆంగ్లేయులలో కొందఱు మన కటుకరోహిణినే నల్ల హెల్లెబోరని వ్రాసిరి. కటుకరోహిణి హిమాలయములలో పుట్టునది. రెండింటికిని సంబంధము లేదు. హెల్లెబోరు విషము కడుపునేగాక గుండెనుకూడ పాడుచేయును. ఒకదానికి మాఱుగా వేఱొకటి యిచ్చినచో ప్రాణమే పోవచ్చును.

ఇక తోటల కథ. 1597లో జాన్ జెరార్డు తన మూలికాగ్రంథమున ఇది క్రిస్మసు దినములలో పూయునని వ్రాసెను. పందొమ్మిదవ శతాబ్దిలో నల్లసముద్ర తీరములనుండి వచ్చిన తూర్పుజాతిని జర్మనులును ఆంగ్లేయులును ఇతర జాతులతో సంకరము చేసి ఊదా, గులాబి, ఆకుపచ్చ వన్నెల పూలు పుట్టించిరి. 1971లో ఎలిజబెత్ స్ట్రాంగ్‌మన్ మాంటెనీగ్రో కొండలలో ముద్దపూల మొక్కలను కనుగొనెను. నేటి ముద్ద హెల్లెబోరులలో అనేకములకు అవి మూలములయ్యెను.

ఈ పూవు వారములకొలది వాడకుండుటకు కారణము కలదు. మనము రేకులనుకొనునవి నిజముగా రక్షకపత్రములు. అసలు రేకులు తేనెగొట్టములై లోపల నణగియుండును. రాత్రి చలికి కాడలు నేలకు వాలినను, మంచు కరగినంతనే తిరిగి లేచును. ఆకురాల్చు చెట్లనీడను, నీరు నిలువని సారపునేలను ఇది కోరును. చీకటిమచ్చల తెగులు తగులకుండుటకై పాత ఆకులను పూలకు ముందే కోసివేయుదురు. గింజలను పండినవెంటనే చల్లినచో మఱుసటి శీతకాలమునకు మొలచును. పూవు చూచుటకు సుమారు మూడేండ్లు ఓర్చుకొనవలెను. చలిదేశపు మొక్క కావున మన మైదానముల యెండకు నిలువదు.

గ్రామపెద్దలారా! ఈ మొక్క మన పెరటికి రాకపోయినను దీని చరిత్ర మనకు పనికివచ్చును. అంగడిలో మూలిక కొనునపుడు పేరు విని తృప్తి పడక, వేరును చూచి, తెలిసినవారికి చూపి కొనుడు. పిల్లలకును అట్లే నేర్పుడు.