నీళ్లు మింగిన పడవ ఇంజిన్‌కు కారు సామాను

సరదా పడవల లోపల బిగించే పెట్రోల్ ఇంజిన్లలో పడవ కోసమే పోత పోసినవి చాలాకాలం పాటు బహు తక్కువ. అమెరికా, యూరప్ తీరాల్లో తిరిగే ఈ పడవల లోపలి ఇంజిన్లలో ఎక్కువ భాగం కార్లకో ట్రక్కులకో తయారైన బ్లాకులే. డెట్రాయిట్‌లోని గ్రే మెరైన్ కంపెనీ ఇతరుల ఇంజిన్లను నీటికి అనువుగా మార్చి అమ్మింది. మిషిగన్‌లో చెక్క పడవలు కట్టిన క్రిస్-క్రాఫ్ట్ చాలాకాలం హెర్క్యులీస్ బ్లాకుల మీదే ఆధారపడింది. కార్ల కంపెనీ ఒక నమూనాను లక్షల్లో పోస్తుంది, పడవల కంపెనీకి కావలసింది వేలల్లోనే. అందుకే సొంత ఫౌండ్రీ పెట్టుకోవడం దండగని అందరికీ త్వరగానే తెలిసొచ్చింది.

ఈ పద్ధతికి అసలు ఊపు వచ్చింది 1950ల చివర్లో. 1955లో షెవ్రోలె ఒక చిన్న, తేలికైన వి8 ఇంజిన్‌ను కార్లలో పెట్టింది. 1959 జనవరిలో న్యూయార్క్ పడవల ప్రదర్శనలో వోల్వో పెంటా తన ‘ఆక్వామాటిక్’ను చూపించింది. ఇంజిన్ పడవ లోపల వెనుక గోడకు ఆనుకుని ఉంటుంది, పంకా ఉన్న కాలు గోడ బయట వేలాడుతుంది. అందులోని 80 గుర్రపు బలం ఇంజిన్ వోల్వో కారుదే. 1961లో మెర్క్యురీ సంస్థ ‘మెర్‌క్రూజర్’తో పోటీకి దిగింది. తర్వాతి దశాబ్దాల్లో ఈ రకం పడవల్లో బాగా పాతుకుపోయింది షెవ్రోలె 350. అంటే 350 ఘనపు అంగుళాల, 5.7 లీటర్ల వి8. 1967 నమూనా కమారో కారుతో వచ్చిన ఈ ఇంజిన్‌ను మెర్‌క్రూజర్, వోల్వో పెంటా, మరో పడవ ఇంజిన్ల సంస్థ ఓఎంసీ మూడూ వాడుకున్నాయి. నీళ్లు పట్టి పాడైన పడవ ఇంజిన్‌ను కారు సామానుతో తిరిగి కట్టడం సాధ్యమైంది ఈ చుట్టరికం వల్లే.

నీళ్లు లోపలికి చేరేది ఎక్కువగా పొగ దారిలోనే. పడవ ఇంజిన్‌కు పొగ గొట్టం చుట్టూ రెండో గోడ ఉంటుంది, ఆ రెంటి మధ్య చల్లటి నీరు పారుతుంది. చివర ఉండే మోచేతి గొట్టంలో నీరూ పొగా కలిసి బయటికి పోతాయి. ఉప్పునీటిలో తిరిగే పడవల్లో ఈ గొట్టాల పోత ఇనుమును తుప్పు లోలోపలే తినేస్తుంది. అందుకే ఐదారేళ్లకొకసారి దాన్ని మార్చడం అక్కడి ఆనవాయితీ. మార్చకపోతే ఏదో ఒకనాడు లోపలి గోడకు చిల్లు పడుతుంది. ఇంజిన్ ఆగాక ఆ నీరు తెరిచి ఉన్న వాల్వు గుండా సిలిండర్‌లోకి కారుతుంది. మర్నాడు తాళం తిప్పినప్పుడు పిస్టన్ పైకి వస్తుంది, నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. చలిదేశాల్లో మరో గండం ఉంది. శీతాకాలానికి ముందు బ్లాకులోని నీటిని తీసేయకపోతే అది గడ్డకట్టి దాదాపు 9 శాతం ఉబ్బి, ఇనుమును చీలుస్తుంది. పక్కన బిగించిన మూతలు ఊడి బ్లాకును కాపాడతాయన్న నమ్మకం చాలామందికి ఉంది గానీ, దాన్ని నమ్ముకోలేం. ఇక మూడోది, పడవే మునిగిపోవడం.

మునిగిన ఇంజిన్‌కు నీటిలో ఉన్నంతసేపు జరిగే నష్టం కన్నా పైకి తీశాక జరిగేది ఎక్కువ. ఉప్పుతడికి గాలి తోడైతే గంటల్లో తుప్పు మొదలవుతుంది. కాబట్టి మెకానిక్ సిద్ధంగా ఉన్నాకే పైకి తీయడం మంచిది. తీసిన వెంటనే మంచినీటితో కడిగి, ప్లగ్గులు విప్పి, క్రాంకును చేత్తో తిప్పి నీటిని కక్కించాలి. సిలిండర్లలో డీజిల్‌గానీ పల్చటి ఆయిల్‌గానీ పోయాలి. ఆయిల్ పాలలా తెల్లబడటం మానేదాకా మళ్లీ మళ్లీ మార్చాలి. ఇదంతా ఆ రోజే జరిగితే ఇంజిన్ బతకవచ్చు. వారం గడిస్తే రింగులు గోడకు పట్టేస్తాయి, పూర్తిగా విప్పక తప్పదు.

విప్పాక మొదట తేల్చాల్సింది బ్లాకు సంగతి. అయస్కాంత పరీక్షలో చీలికలు బయటపడతాయి, ఒత్తిడి పరీక్షలో కారుతున్న చోటు తెలుస్తుంది. ఉప్పునీరే నేరుగా తిరిగిన బ్లాకులో నీటి దారులు లోపల పల్చబడి ఉంటాయి. దానికి ఖర్చు పెట్టే బదులు పాత ట్రక్కులోంచి అదే రకం బ్లాకు తెచ్చుకోవడమే తెలివైన పని. తుప్పు గుంటలు కొద్దిగా ఉంటే బోరును 30 థౌ, అంటే 0.76 మిల్లీమీటర్లు పెంచి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తారు. గుంట మరీ లోతైతే ఆ సిలిండర్‌కు స్లీవ్ దించుతారు. రాడ్లు ఒక్కొక్కటీ సూటిగా ఉన్నాయో లేదో చూడాలి. పిస్టన్లు, రింగులు, బేరింగులు, ఆయిల్ పంపు, టైమింగ్ చైను మామూలు కారు సామాను దుకాణంలో దొరికేవే. అయితే నాణ్యమైన రకం ఎంచుకోవాలి. కారు ఇంజిన్ రోడ్డు మీద తన శక్తిలో కొంతే వాడుతుంది, పడవ ఇంజిన్‌ది ఎప్పుడూ ఘాట్ రోడ్డు ఎక్కుతున్న బతుకే.

బ్లాకు తెచ్చేటప్పుడు ఏ సంవత్సరానిదో చూడకపోతే చిక్కే. 1986 నుంచి షెవ్రోలె 350లో వెనుక ఆయిల్ సీలు రెండు ముక్కలకు బదులు ఒకే ముక్కగా మారింది, దాంతో క్రాంకూ ఫ్లైవీలూ మారాయి. 1996లో వచ్చిన వోర్టెక్ హెడ్లకు ఇన్‌టేక్ బోల్టులు ఎనిమిదే, పాతవాటికి పన్నెండు. రెండు ఇంజిన్లున్న పాత పడవల్లో ఒకటి ఎదురు దిశలో తిరిగే రకం అయితే కారు క్యామ్‌షాఫ్ట్, సీలు, సెల్ఫ్ మోటర్ దానికి పనికిరావు.

అసలు జాగ్రత్త నీటితో ముడిపడ్డ సామాను దగ్గర. కారు హెడ్ గాస్కెట్ ఉప్పునీటికి నిలవదు, పడవ రకంలో తుప్పు పట్టని లోహం ఉంటుంది. పక్క మూతలు ఇత్తడివి కావాలి. పందెపు కార్ల క్యామ్‌షాఫ్ట్ వేస్తే రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండే సమయం పెరిగి, పొగ గొట్టంలోని నీటిని ఇంజిన్ తానే వెనక్కి పీల్చుకుంటుంది. థర్మోస్టాట్ కూడా వేరే: కారుది సుమారు 90 డిగ్రీల దగ్గర తెరుచుకుంటే, సముద్రపు నీరే తిరిగే ఇంజిన్‌లో ఉప్పు పేరుకోకుండా 60 డిగ్రీల దగ్గరే తెరుచుకోవాలి.

వీటిలో పొరపాటు జరిగితే ఇంజిన్ పోతుంది. కార్బురేటర్, పెట్రోల్ పంపు, సెల్ఫ్ మోటర్, ఆల్టర్నేటర్, డిస్ట్రిబ్యూటర్ దగ్గర జరిగితే మనుషులే పోతారు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు. కారులో అది కిందికి దిగి గాలిలో కలిసిపోతుంది. పడవలో అడుగున పేరుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే పడవ సెల్ఫ్ మోటర్‌ను రవ్వ బయటికి రాకుండా మూసి చేస్తారు. కార్బురేటర్ పొంగితే పెట్రోల్ లోపలికే పోయేలా గొట్టాలు వంచుతారు, పంపుకు రెండు డయాఫ్రాలు పెడతారు. అమెరికాలో 1940 ఏప్రిల్ 25 తర్వాత బిగించిన ప్రతి లోపలి పెట్రోల్ ఇంజిన్‌కూ ఎదురుమంటను ఆపే జాలీ తప్పనిసరి. కారు ఎయిర్ ఫిల్టర్ దానికి బదులు కాదు. చౌకగా వస్తుందని కారు సెల్ఫ్ మోటర్ బిగించడం ఈ పనిలో క్షమించరాని తప్పు.

ఇంజిన్ తిరిగి దించే ముందు పొగ గొట్టాలూ మోచేతులూ కొత్తవి వేయాలి. పాతవే బిగిస్తే కొత్త రింగులూ అదే నీళ్లు తాగుతాయి. తిరిగి కట్టిన ఇంజిన్లు మొదటి ఏడాదే చెడిపోవడానికి ఇదొక పెద్ద కారణమని చెప్పవచ్చు. మొదటి కొన్ని గంటలు వేగం మారుస్తూ నడిపి, ఆయిల్ రంగు చూసి, కంప్రెషన్ కొలిచి అప్పుడు లోతు నీటికి వెళ్లాలి.

2014లో మెర్క్యురీ సంస్థ పడవల కోసమే రూపొందించిన 4.5 లీటర్ల వి6ను తెచ్చింది. ఆ తర్వాత కారు బ్లాకుల వాడకం మెల్లగా తగ్గింది. పాత 5.7 లీటర్ల ఇంజిన్‌కు మాత్రం పిస్టన్లు, రింగులు, బేరింగులు అమెరికాలో మామూలు కారు సామాను దుకాణాల్లో ఇప్పటికీ కొత్తవే దొరుకుతున్నాయి.