వాసన పోగొట్టుకున్న వాయువు

ఢిల్లీలో ఒక చలికాలం ఉదయం, నేనుంటున్న ఇంట్లో 'హాట్ అండ్ కోల్డ్' ఏ.సి.ని ఆ ఏడాది మొదటిసారిగా వేడి వైపు తిప్పాం. అయిదు నిమిషాల్లో గదంతా తడి మేజోళ్లు మూటగట్టి దాచినట్టు కంపు. గ్యాసు లీకవుతోందేమోనని ఇంటివాళ్లకు భయం పట్టుకుంది. మెకానిక్ వచ్చి రెండుసార్లు ఎగపీల్చి, గ్యాసయితే అసలు ఇంత వాసన రాదు పొమ్మన్నాడు. అతనా మాట తేలిగ్గా అనేశాడు గాని, దాని వెనుక పెద్ద కథే ఉంది.

ఆ యంత్రం నిజానికి ఒక హీట్ పంపు. ఫ్రిజ్ తన లోపలి వేడిని బయటికి తోస్తుంది గదా! అదే పనిని తిరగేస్తే, బయటి చలిగాలిలో ఉన్న కాస్త వేడినీ లాగి గదిలోకి తోయవచ్చు. ఇలా ఇళ్లు వెచ్చబరచవచ్చని విలియం థామ్సన్ (తరువాత లార్డ్ కెల్విన్ అయినవాడు) 1852లోనే సూచించాడు. గొట్టాల్లో తిరిగే పదార్థం ఆవిరవుతూ వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ నొక్కాక ద్రవంగా మారుతూ ఆ వేడిని వదిలేస్తుంది. కథంతా ఆ పదార్థానిదే.

తొలినాళ్లలో ఇందుకు దొరికినవాటిలో చాలావరకు కంపుకొట్టేవే. ఒకటి అమ్మోనియా. మన కోస్తాలో ఐస్ ఫ్యాక్టరీ పక్కనుంచి నడిచినవారికి దాని ఘాటు వేరే చెప్పనక్కరలేదు. రెండోది సల్ఫర్ డయాక్సైడు, గంధకం కాలితే వచ్చే వాయువు. 1927లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ అమ్మిన 'మోనిటర్ టాప్' ఫ్రిజ్‌లో ఉన్నది ఇదే. లీకయితే గొంతు పట్టేసి, కళ్లు మండి, ఇంటిల్లిపాదీ వీధిలోకి పరుగెత్తేవారు. లీకు ఎక్కడుందో పట్టుకోవడానికి మెకానిక్ అమ్మోనియాలో ముంచిన దూదిని గొట్టం పొడుగునా జరిపేవాడు. వాయువు కారుతున్న చోట తెల్లని పొగ లేచేది. అమ్మోనియా యంత్రమైతే ఇదే పరీక్ష తలకిందులు: గంధకం పుల్ల వెలిగించి చూపాలి.

అసలు ప్రమాదం మూడోదానితో వచ్చింది. మిథైల్ క్లోరైడు కూడా విషమే, కానీ దాని వాసన లేత తీపి. నిద్రలో ఉన్నవారిని అది లేపదు. 1920ల చివర అమెరికాలో దానివల్ల ఇళ్లలోనే మరణాలు జరిగాయి. దాంతో కళ్లు మండించే ఎక్రోలిన్‌ను హెచ్చరిక కోసం అందులో కొద్దిగా కలిపారు. జర్మనీలో ఫ్రిజ్ లీకై ఒక కుటుంబం చనిపోయిందన్న వార్త ఐన్‌స్టైన్‌ను కలచివేసిందని, అందుకే ఆయన లియో జిలార్డ్‌తో కలిసి కదిలే భాగాలు లేని ఫ్రిజ్‌లకు పూనుకున్నాడని చెబుతారు. వారి అమెరికా పేటెంటు 1930 నాటిది.

అదే 1930లో థామస్ మిడ్జ్‌లీ అనే ఇంజనీరు అట్లాంటా నగరంలో రసాయన శాస్త్రజ్ఞుల సభ ముందు నిలబడి ఒక కొత్త వాయువును గుండెల నిండా పీల్చాడు. తరువాత వెలుగుతున్న కొవ్వొత్తి మీదికి ఊది దాన్ని ఆర్పేశాడు. విషం లేదు, మంట లేదు, వాసన దాదాపు లేదు. అదే ఫ్రియాన్. 1938లో జ్యూరిచ్ నగర సభాభవనాన్ని వెచ్చబరిచిన హీట్ పంపులో అదే తిరిగింది. పాత వాయువు వెంటనే పోలేదు. యుద్ధకాలపు ఇంగ్లండులో జాన్ సమ్నర్ నార్విచ్‌లో 1945లో నది నీటినుంచి వేడి తీసినప్పుడు వాడింది సల్ఫర్ డయాక్సైడే.

ఇళ్లలో మరణాలు ఆగాయి. ఇది చిన్న విషయం కాదు. మిడ్జ్‌లీని తిట్టేవారు దీన్ని మరచిపోతారు. అయితే ముక్కుకు పని పోయింది. ఫ్రియాన్ లీకును పట్టాలంటే రాగి ముక్క ఉన్న చిన్న దీపపు మంట ఆకుపచ్చగా మారుతుందేమో చూడాలి. చల్లదనం తగ్గేదాకా ఎవరు చూస్తారు? తగ్గాక మళ్లీ నింపేవారు. కారిపోయినది ఎక్కడికి పోయిందని అడిగేంత ఘాటు దానికి లేదు.

ఎక్కడికి పోయిందో జేమ్స్ లవ్‌లాక్ చూపాడు. తాను 1957లో తయారుచేసిన అతి సున్నితమైన పరికరాన్ని 1971లో ఓడలో తీసుకెళ్లి, అట్లాంటిక్ సముద్రం మీది గాలిలో ఈ జాతి వాయువును కొలిచాడు. అందులో ఎక్కువ భాగం స్ప్రే డబ్బాలదే గాని, ఫ్రిజ్‌ల వాటా కూడా ఉంది. 1974లో మొలినా, రోలండ్ అది ఓజోన్ పొరను తినేస్తుందని హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రం బయటపడింది, 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది.

ఇప్పుడు హీట్ పంపుల్లోకి ప్రొపేన్ వస్తోంది. మన వంటగ్యాసు జాతిదే, కానీ వంటగ్యాసులో కలిపే కుళ్లు వాసన మందు ఇందులో సాధారణంగా ఉండదు. ప్రొపేన్ గాలికంటే బరువు గనుక కిందికి దిగుతుంది. అందుకని లీకును పట్టే ఎలక్ట్రానిక్ ముక్కును కింది భాగంలో అమరుస్తారు.

మరి మా గదిలో కంపు? అది లోపలి కాయిల్ మీద పేరుకున్న దుమ్ములో, తేమలో వేసవంతా పెరిగిన సూక్ష్మజీవులది. వేడి తగలగానే వాసన వదిలాయి. కాలిన ప్లాస్టిక్ వాసనయితే స్విచ్ కట్టేసి మెయిన్ తీసేయాలి. మురుగు వాసనయితే నీటి గొట్టం కలిసే చోట చూడాలి. మెకానిక్ కాయిల్ కడిగిన నీళ్లు టీ డికాక్షన్‌లా దిగాయి.