ముద్ద దిగని జబ్బు

1873లో లండన్‌లో విలియం గల్ అనే పేరున్న వైద్యుడు తోటి డాక్టర్ల ముందు కొందరు అమ్మాయిల సంగతి చెప్పాడు. ఇంట్లో తిండికి కొదవ లేదు. ఒంట్లో క్షయ లేదు. అయినా తినరు, చిక్కి శల్యమైపోతారు. ఆ జబ్బుకు అనొరెక్సియా నెర్వోసా అన్న పేరు ఆయన పెట్టిందే. అదే ఏడాది ఇక్కడ మన దేశంలో మైకేల్ లావెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు కోలారు ప్రాంతంలో బంగారం వెతుక్కోవడానికి అనుమతి ఇమ్మని మైసూరు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు.

మూడేళ్లు తిరక్కుండానే ధాత నామ సంవత్సరపు కరువు వచ్చి పడింది. 1871 జనాభా లెక్కల్లో మైసూరు సంస్థానంలో 50,55,412 మంది ఉంటే, 1881 నాటికి 41,86,188 మంది మిగిలారు. పక్కనే మద్రాసు ప్రెసిడెన్సీలో కరువు పనికి వచ్చిన మగవాడికి రోజుకు 450 గ్రాముల ధాన్యం, ఒక అణా చాలని, కరువు వ్యవహారాలు చూడటానికి ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. శానిటరీ కమిషనర్ కార్నిష్ అది మనిషిని బతికించే తిండి కాదని, కనీసం 680 గ్రాములు, దాంతోపాటు పప్పో కూరో ఉండాలని పోరాడాడు. ఆ కాలాన్ని చూసిన ఊళ్ల నుంచే, 1880లో గనులు తవ్వే జాన్ టేలర్ కంపెనీ కాలు మోపాక, తెలుగు కుటుంబాలూ తమిళ కుటుంబాలూ పొట్ట చేత పట్టుకుని కోలారు బంగారు గనులకు, అంటే ఇప్పటి కేజీఎఫ్‌కు, వచ్చాయి. చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లు ఉరిగాం, ఛాంపియన్ రీఫ్, మారికుప్పం లైన్లలో కాపురాలు పెట్టారు.

ఇలాంటి చోట రాగి సంగటి ముద్దను పిల్ల పక్కకు నెట్టేస్తే పెద్దవాళ్లకు ముందు కోపం వస్తుంది, ఆ తరువాత భయం వేస్తుంది. తిండి దొరకని బాధ వాళ్లకు తెలుసు. తిండి ఎదురుగా ఉండి తినలేకపోవడం ఒక జబ్బని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. దిష్టి తీస్తారు, గ్యాసు మాత్ర వేస్తారు, మొండితనమని తిడతారు. ఇందులో వాళ్ల తప్పు లేదు. చాలాకాలం వైద్య పుస్తకాలు కూడా ఇది పాశ్చాత్య దేశాల్లో, కలిగిన ఇళ్ల ఆడపిల్లలకు వచ్చేదనే చెప్పాయి.

ఆ పుస్తకాలను తిరగరాయించింది ఆసియా డాక్టర్ల అనుభవం. 1993లో హాంకాంగ్‌లో సింగ్ లీ బృందం 70 మంది రోగులను పరిశీలిస్తే, సగానికి పైగా లావవుతామన్న భయమే లేనివాళ్లు. కడుపు ఉబ్బరంగా ఉందనో, ఆకలి లేదనో చెప్పి తిండి మానేసినవాళ్లు. కోలారు చుట్టుపక్కలా దాదాపు అదే కథ. బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు 1990ల్లోనే అనొరెక్సియా రోగుల కుటుంబాల గురించి రాశారు. చెన్నైలో శ్రీనివాసన్ బృందం జబ్బు పూర్తిగా ముదరని, తేలికపాటి రూపాన్ని వైద్య విద్యార్థుల్లో గుర్తించి, మన పిల్లలకు సరిపోయే ప్రశ్నావళి తయారుచేసింది. కేజీఎఫ్ నుంచి వి.కోట మీదుగా ఘాటు దిగితే వచ్చే వెల్లూరులో, సీఎంసీ డాక్టర్లు తమ దగ్గరికి వచ్చిన పిల్లల రికార్డులు తిరగేసి 2007లో ఫలితాలు ప్రచురించారు. తిండికి సంబంధించిన మానసిక జబ్బు ఉన్నవాళ్లు 41 మంది తేలితే, వాళ్లలో 35 మందిది మానసిక కారణాల వల్ల వచ్చే వాంతుల సమస్య. మైసూరు కాలేజీ విద్యార్థుల మీద చేసిన సర్వే కూడా 2018లో అచ్చయింది.

అంటే జబ్బు ఇక్కడ లేక కాదు, వేరే వేషంలో ఉంది. అద్దం ముందు నిలబడి లావయ్యానని ఏడ్చే అమ్మాయి కోసం చూసే డాక్టరుకు, తిన్నది ఇమడటం లేదని వచ్చే అబ్బాయి కనిపించడు.

కోలుకోవడం గురించి తెలిసినదాంట్లో చాలా భాగానికి మూలం ఇంకో ఆకలి కథ. 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. అందరూ యుద్ధానికి వెళ్లడానికి నిరాకరించి, దీనికి ఒప్పుకున్నవాళ్లు. 24 వారాలు సగం కడుపుకే తిండి పెట్టారు. కొన్నాళ్లకు వాళ్ల తీరే మారిపోయింది. పళ్లెం ముందు రెండేసి గంటలు కూర్చుని, తిండిని చిన్న చిన్న ముక్కలు చేసి, నీళ్లు కలిపి పెంచి, ఆఖరికి పళ్లెం నాకేవారు. వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. స్నేహాలు వదిలేశారు, దిగులులో మునిగిపోయారు. మళ్లీ కడుపునిండా పెట్టాక కూడా మనసు కుదుటపడటానికి నెలలు పట్టింది. పస్తే బుర్రను మార్చేస్తుందని అప్పుడు తేలింది. బక్కచిక్కిన పిల్లకు హితబోధ చేస్తే తలకెక్కదు. ముందు ఒంటికి బలం రావాలి.

లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రి ఈ దారినే పట్టింది. 1987లో అక్కడివాళ్లు ప్రచురించిన పరిశోధనలో, జబ్బు మొదలై మూడేళ్లు దాటని, చిన్న వయసు రోగులకు కుటుంబాన్ని కలుపుకున్న చికిత్స బాగా పనిచేసింది. తల్లిదండ్రులను దోషులుగా నిలబెట్టకుండా, పూటపూటా పక్కన కూర్చుని తినిపించే బాధ్యత వాళ్లకే అప్పగించారు. ఇది మన ఇళ్లకు అచ్చంగా సరిపోయే వైద్యంలా అనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. చాలా రోజులు పస్తున్న ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ పెడితే రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయి గుండె మీదికి వస్తుంది. అందుకే తిండి ఎంత, ఎలా పెంచాలో డాక్టరే చెప్పాలి.

2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడ్డాయి. అప్పటి నుంచి వేలమంది కేజీఎఫ్ జనం, వాళ్లలో యువకులే ఎందరో, రోజూ రైలెక్కి బెంగళూరు వెళ్లి వస్తున్నారు. ఇంట్లోవాళ్లతో కూర్చుని తినే పూటలు తగ్గిపోయాయి. ఎవరు తిన్నారో, ఎవరు డబ్బా అలాగే తెచ్చారో గమనించడం కష్టమే. అయినా గమనించాలి. బట్టలు వదులైపోవడం, నెలసరి ఆగిపోవడం, కళ్లు తిరగడం, తిన్న వెంటనే బాత్రూంకు పరుగెత్తడం, ఎండలోనూ చలి అనడం చూసీ చూడనట్టు వదిలేసేవి కావు. అలాంటి పిల్ల ఇంట్లో ఉంటే తిట్టకండి, ఆలస్యం చేయకండి. దగ్గర్లోని డాక్టరుకు చూపించండి. ఎవరిని అడగాలో తెలియకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ఈ ప్రభుత్వ సేవ ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు.