పొగ పట్టిన గొర్రె పాలు

పట్టుకోండి, జారిపోతోంది! కంచెలో ఉన్నది ఒక్క గొర్రె దూరేంత సందు. వెనక నుంచి కుర్ర కాపరి మందను అదిలిస్తున్నాడు. మీరు పీట మీద కూర్చుని, దూరిన గొర్రెను దూరినట్టే ఒడిసిపట్టి బకెట్‌లోకి పాలు పిండాలి. గ్లాసుడు కూడా రావు. వదిలెయ్యండి, తర్వాతది వచ్చేసింది.

ఇది పోలండ్ దక్షిణపు కొస, తాత్రా కొండలు. జూన్ నెల. ఆదిలాబాద్ వైపు ఇచ్చోడ చలి ఎరిగిన మీకే ఈ తెల్లవారుజామున వేళ్లు కొంకర్లు పోతున్నాయి. మన గొల్ల కురుమల మందల్లో గొర్రె పాలు చాలా మటుకు పిల్లకే పోతాయి. ఇక్కడ మే నుంచి సెప్టెంబరు దాకా పిండిన పాలన్నీ అదిగో, ఆ చెక్క గుడిసెకే చేరతాయి. నడవండి, పాలు చల్లారకూడదు.

లోపల నేల మీదే మంట. పొగగొట్టం లేదు. కళ్లు మండి నీళ్లు కారుతున్నాయి. వంగండి, కింద కాస్త గాలి ఆడుతుంది. పెద్ద కాపరిని బాత్సా అంటారు. మీ చేతిలో బకెట్ అందుకుని, గుడ్డలోంచి చెక్క తొట్టిలోకి వడపోసి, దూడ కడుపు నుంచి తీసిన తోడు కలుపుతాడు. పాలు గడ్డకట్టాక కర్రతో చిలికి పలుకులు పలుకులుగా విరగ్గొడతాడు. పలుకులు అడుక్కి దిగుతాయి. పైన తేరిన నీళ్లు పారబోస్తారనుకున్నారా? కాచి, చెక్క గిన్నెలో మీకే ఇస్తాడు. దీన్ని జెంటిత్సా అంటారు. తాగెయ్యండి, మళ్లీ తీరిక దొరకదు.

ఇక మీ వంతు. విరుగుడు ముద్దను వేడినీళ్లలో ముంచి పిసకాలి. చెయ్యి పెట్టగానే వెనక్కి లాక్కోవాలనిపించే వేడి. చల్లారితే ముద్ద సాగదు. నెర్రె ఇస్తుంది. పిసకండి. మళ్లీ ముంచండి. వేళ్లు ఎర్రబడ్డాయి. తీసేస్తారా? అదిగో, నెర్రె! ముంచండి. నొక్కండి. తిప్పండి. సాగింది. అచ్చు బిగించండి. ఇప్పుడే!

అచ్చు విప్పండి. నడుమ చుట్టూ నగిషీ దిగింది. రెండు కొసలూ సన్నగా, నడుమ లావుగా, కురుమ ఆడవాళ్లు ఉన్ని వడికిన కదురులా ఉంది. పొడుగు 17 నుంచి 23 సెంటీమీటర్లు, తూకం 600 నుంచి 800 గ్రాములు. దీని పేరు ఒస్త్సిపెక్. ఉప్పునీళ్లలో నానాక పైకప్పు కింద అటక ఎక్కుతుంది. ఇందాక మిమ్మల్ని ఏడిపించిన పొగ ఇప్పుడు దీనికి కాపలా. తేమను లాగేస్తుంది, బూజు పట్టనివ్వదు. రోజులు గడిచేకొద్దీ, ఒక్కోసారి రెండు వారాల దాకా, తెల్లటి పైపొర గోధుమరంగుకు తిరుగుతుంది. ఫ్రిజ్ లేని కొండ మీద ఎండాకాలపు పాలను చలికాలానికి దాచుకునే దారి ఇదే. ఈ కొండ సీమలో గొర్రె చీజ్ ప్రస్తావన 1416 నాటి రాతల్లోనే ఉంది.

మిగిలిన విరుగుడును బాత్సా మీ ముందుకు తోస్తాడు. దాంతో గుండె ఆకారంలోనో, కోడిపుంజు ఆకారంలోనో చిన్న చీజ్‌లు చేస్తారు. అవి పిల్లలకీ చుట్టాలకీ కానుకలు.

కొండ దిగి జాకొపానె ఊళ్లోకి రండి. బొగ్గుల మీద ముక్కలు కాలుస్తున్నారు, పైన ఎర్రటి క్రాన్‌బెర్రీ జామ్. కొరకండి. పళ్ల కింద కిచకిచమంటుంది. ముందు ఉప్పు, వెంటనే పొగ, ఆ వెనక పులుపూ తీపీ.

బల్ల మీద పక్కపక్కనే రెండు రకాలు. చూపుకి రెండూ ఒకటే, కానీ ఒకటి ఉత్త ఆవు పాలది. ఏది తీసుకుంటారు? 2008లో యూరోపియన్ యూనియన్ ఒస్త్సిపెక్ పేరుకు రక్షణ ఇచ్చింది. కనీసం 60 శాతం గొర్రె పాలు ఉంటేనే ఆ పేరు పెట్టాలి. కలిపే ఆవు పాలు కూడా పోలిష్ ఎర్రావువే కావాలి. జనవరిలో ఎవరైనా తాజాది అంటే నమ్మకండి, అప్పుడు మందకు పాలే ఉండవు. ఇది జూన్, సర్టిఫికెట్ అడగండి. అమ్మేవాడు చూపించాడా? అయితే ముక్క కోయించుకోకండి, నిండుదే తీసుకోండి. కోసిన చోట తొందరగా ఎండిపోతుంది.