బడిలో అన్నం: ధర్మమా, హక్కా?

బీదపిల్లలకు బడిలో అన్నం పెడితే తల్లిదండ్రులు సోమరులవుతారనీ, బడి కాస్తా సత్రమైపోతుందనీ అనేవారు ఇప్పటికీ ఉన్నారు. ఉపాధ్యాయుల గదుల్లోనే ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. ఇది తమ అనుభవంలోంచి వచ్చిందని వారి నమ్మకం. నిజానికిది నూరేళ్లు దాటిన అరువు సరుకు. 1906లో ఇంగ్లండులో స్థానిక సంస్థలు బడిపిల్లలకు భోజనం పెట్టవచ్చునని చట్టం వచ్చినప్పుడు, దానధర్మాలను క్రమబద్ధం చేస్తామని వెలసిన అక్కడి సంఘాలవారు సరిగ్గా ఇదే అన్నారు: తండ్రి బాధ్యతను సర్కారు నెత్తికెత్తుకుంటే తండ్రి చెడిపోతాడు. పోనీ ఆ చట్టమైనా కేవలం కరుణ వల్ల వచ్చిందా అంటే, అదీ కాదు. బోయర్ యుద్ధానికి సిపాయిలను చేర్చుకోబోతే కార్మికుల పేటల కుర్రాళ్లలో చాలామంది శరీరదార్ఢ్యం లేక పనికిరాకపోయారు. సామ్రాజ్యానికి సిపాయి కావాలి, సిపాయికి బలం కావాలి. అంచేత బడిలో అన్నం.

మన సంగతికి వద్దాం. 1920లో మద్రాసు కార్పొరేషను, పిట్టి త్యాగరాయ చెట్టి అధ్యక్షతన, థౌజండ్ లైట్సు పేటలోని తన బడిలో పిల్లలకు మధ్యాహ్నం ఫలహారం పెట్టాలని తీర్మానించింది. షరతు ఒక్కటే: రోజుకు తలకొక అణా మించరాదు. తర్వాత మరి నాలుగు బడులకు విస్తరించింది. పిల్లలు పెరిగారు. పిల్లలతోపాటు ఖర్చూ పెరిగింది. ప్రాథమిక విద్యానిధి నుంచి తిండి ఖర్చు రాయడానికి వీల్లేదని పై ప్రభుత్వం అడ్డుచెప్పడంతో 1925 ఏప్రిల్ 1న ఆ భోజనం ఆగిపోయింది. ఇంగ్లండులో చట్టమైనది మద్రాసులో పద్దు తప్పయిందన్నమాట! అప్పుడు మంత్రివర్గ నాయకుడు పానగల్లు రాజా తెలుగువాడు, జస్టిస్ పార్టీవాడు, త్యాగరాయ చెట్టి పార్టీవాడే. కాని ద్వంద్వ ప్రభుత్వంలో ఖజానా తాళంచెవి మంత్రుల మొలలో ఉండేది కాదు. 1927లో కార్పొరేషను మళ్లీ మొదలుపెట్టింది. అయితే నాకు ముఖ్యమైనది ఆ ఆగిపోయిన రోజే. ఒక తీర్మానంతో వచ్చిన అన్నం ఒక అభ్యంతరంతో పోయింది. పిల్లలను గాని తల్లులను గాని అడిగినవారు లేరు.

మద్రాసు నగరంలో ఇది జరుగుతున్నప్పుడు అదే రాజధానిలో ఉత్తరపు కొసన ఉన్న మా అనకాపల్లి ప్రాంతానికి ఆ అణా కూడా రాలేదు. సర్కారు మమ్మల్ని బొత్తిగా మరిచిపోయిందనడం మాత్రం అన్యాయం. 1913లోనే ఇక్కడ చెరకు పరిశోధనకు కేంద్రం పెట్టారు. చెరకు ఏం తింటే బాగా ఎదుగుతుందో పరీక్షించడానికి డబ్బు దొరికింది. ఆ చెరకు నరికే కూలివాడి బిడ్డ ఏం తింటే ఎదుగుతుందన్నది మాత్రం ఎవరికీ పరిశోధనాంశం కాలేదు. గానుగ ఆడే రోజుల్లో ఆ బిడ్డ బడిలో ఉండేది కాదు. పిప్పి ఆరబెట్టడానికో, పొయ్యిలోకి ఎగదోయడానికో తల్లివెంట వెళ్లేది.

1953లో ఆంధ్ర రాష్ట్రం వేరుపడింది. మూడేళ్లకు, 1956లో, కామరాజ్ మద్రాసు రాష్ట్రంలో బడిభోజనాన్ని ఊరూరికీ తీసుకుపోవడం మొదలుపెట్టాడు. మనకు అరవయ్యవ దశకంలో దక్కింది కేర్ సంస్థ ద్వారా వచ్చిన అమెరికా పాలపొడి, గోధుమనూక. మిగులు ధాన్యం ఎక్కడ దింపుకోవాలన్నది అక్కడివారి సమస్య. ఆ సమస్యకు మన పిల్లల పొట్ట పరిష్కారమైంది. ఆ ఉప్మా తిని చదువుకున్నవారిని నేను వెక్కిరించడం లేదు. ఆకలికి దేశాభిమానం నేర్పడం సులభం కాదు.

1995 ఆగస్టు 15న కేంద్రం పథకం వచ్చింది. చాలా రాష్ట్రాలు వండి పెట్టే బాధ వదిలించుకుని, నూటికి ఎనభై రోజులు బడికి వచ్చిన పిల్లకు నెలకు మూడు కిలోల బియ్యం కొలిచి పంపాయి. ఆ బియ్యం ఇంటి కుండలో పడి అందరి పాలూ అయింది. అందులో తప్పేమీ లేదు. కాని బడిలో మధ్యాహ్నపు ఆకలి అలాగే ఉంది. గోదాముల్లో ధాన్యం ముక్కిపోతుండగా మనుషులు పస్తులుండడమేమిటని పౌరహక్కుల ప్రజాసంఘం 2001లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఏడు నవంబరు 28న కోర్టు ఆదేశించింది: వండిన భోజనమే పెట్టాలి, కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలి, ఏడాదికి 200 రోజులకు తగ్గరాదు. మన రాష్ట్రంలో 2003 జనవరిలో పొయ్యి వెలిగింది. వంటకు దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యమివ్వాలని 2004లో అదే కోర్టు చెప్పవలసివచ్చింది. 2013 ఆహార భద్రతా చట్టం పద్నాలుగేళ్లలోపు పిల్లలకు ఈ భోజనాన్ని హక్కుగా రాసింది.

హక్కు అయినదానికి పేర్లు చూడండి. 2020లో 'జగనన్న గోరుముద్ద' అన్నారు. గోరుముద్ద తల్లి పెట్టేది. ఇక్కడ ముఖ్యమంత్రి పెడుతున్నట్టు వినిపిస్తుంది. 2024లో ఆ పేరు తీసి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆ గోదావరి ఇల్లాలు దారినపోయేవారికి వేళకాని వేళ వండిపెట్టిన మహాతల్లి, కాదనను. కాని ఆవిడ చేసింది అన్నదానం. బడిలో పెట్టేది చట్టప్రకారం చెల్లించవలసిన బాకీ. బాకీని దానమని పిలిస్తే పిల్లవాడు చేయి చాచడం నేర్చుకుంటాడు.

దానం మీద వదిలేస్తే ఏమవుతుందో మా జిల్లా చూసింది. 2024 ఆగస్టులో కోటవురట్ల మండలం కైలాసపట్నంలో ఒక ప్రైవేటు ట్రస్టు వసతిగృహంలో కలుషితాహారం తిని గిరిజన పిల్లలు చనిపోయారు. అది ప్రభుత్వ బడి కాదు. అందుకే దాన్ని అడిగేవాడు లేకపోయాడు.

అలాగని ప్రభుత్వ బడిలో అంతా సవ్యమని కాదు. గుడ్డు వచ్చింది, పల్లీ బెల్లం చిక్కీ వచ్చింది, 2023 నుంచి రాగిజావ వచ్చింది. మా అమ్మమ్మల చోడి అంబలే బెల్లంతో తిరిగి బడికి వచ్చిందని సంతోషించాను. కాని ప్రాథమిక తరగతుల్లో బియ్యం కాక మిగతా వంట సరుకులకు 2025 మే నుంచి వర్తించేలా కేంద్రం ఖాయపరచిన లెక్క, రాష్ట్రాల వాటాతో కలిపి, రోజుకు తలకు 6 రూపాయల 78 పైసలు. అణా షరతు చావలేదు, వేషం మార్చింది. ఈ చౌక ఎక్కడినుంచి వస్తోంది? వంటమనిషి దగ్గర నుంచి. 2019లో మన రాష్ట్రంలో ఆమె గౌరవవేతనం వెయ్యి నుంచి మూడువేలయింది, అదీ నెలకు. బిల్లు ఆలస్యమైతే కూరగాయలకు, పప్పుకు ఆమే కొట్లో అరువు పెట్టాలి. ఉచిత భోజనాన్ని వ్యతిరేకించే మిత్రులు 'ఎవరి సొమ్ము?' అని అడుగుతారు కదా, జవాబులో కొంతభాగం ఇదీ: ఆమె సొమ్ము.

2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో కూడా భోజనం పెడుతున్నారు. మంచిదే. కాని తొమ్మిదో తరగతి మొదలు ఇంటరు దాకా పెట్టే అన్నానికి 2013 చట్టం అండ లేదు. అది ప్రభుత్వ ఉత్తర్వు మీద నడుస్తోంది, 1925 మార్చి 31 దాకా థౌజండ్ లైట్సు బడి తీర్మానం మీద నడిచినట్టు. వంటమనిషి మూడువేలూ ఉత్తర్వు మీదే ఉన్నాయి.